బెల్టు మోసే బరువు

ముందే మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయిన తర్వాత, మనవరాలి వయసున్న పిల్ల దగ్గర. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం నాకు తప్పు లేకుండా గుర్తుంది.

అది కంపెనీ యార్డులోకి తూనిక యంత్రం వచ్చిన ఎండాకాలం.

మా ఆయన పని ఎత్తయిన మేడలకు అద్దాలు తుడవడం. పైకప్పు నుంచి వదిలిన తాడుకు చెక్కబల్ల కట్టి ఉంటుంది. దాని మీద కూర్చుని, ఇనప కొక్కెం లోంచి తాడును ఒక చేత్తో కొంచెం కొంచెంగా వదులుతూ, రెండో చేత్తో అద్దం తుడుస్తూ అంతస్తు తర్వాత అంతస్తు దిగాలి. చెయ్యి బిగిస్తే బల్ల ఆగుతుంది. సడలిస్తే దిగుతుంది. నడుముకు సేఫ్టీ బెల్టు, దానికి వేరే తాడు. ఆయన చెయ్యి తాడు మీద పడిందంటే ఇక కదలదు. అందుకే తోటివాళ్ళు ఆయన్ని ఉడుము అని పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆయన పక్కతాడు మీద మా మరిది. మా పక్కింట్లోనే ఉండేవాడు. బల్ల ఎక్కడం, తాడు వదలడం, కింద నేలను చూడకుండా ఉండడం, అన్నీ తమ్ముడికి ఆయనే నేర్పాడు. నేను కంపెనీ వాళ్ళ యూనిఫారాలు కుట్టేదాన్ని, చిరిగితే అతుకులు వేసేదాన్ని. అందుకని ఆ రోజు యార్డులోనే ఉన్నాను.

కొత్తగా వచ్చిన సేఫ్టీ సారు ఒక బెల్టు పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది నూరు కిలోల వరకే మోస్తుందని తయారుచేసినవాళ్ళే చెప్పారు. మనిషి, బట్టలు, పనిముట్లు అన్నీ కలిపి నూరు. అంతకు మించిన మనిషి జారితే కుట్టు ఆగుతుందో ఊడుతుందో వాళ్ళు పూచీ పడరు. వాళ్ళు పడనప్పుడు నేనూ పడను."

ఒక్కొక్కరే పనిముట్లతో సహా యంత్రం ఎక్కారు. మా ఆయన వంతు వచ్చేసరికి ముల్లు నూరు దాటి చాలా దూరం పోయింది.

"ఉడుమన్నా, ఒక కాలు కింద పెట్టి చూడు," అన్నాడొకడు.

"రెండూ పెడితే ఇంకా మంచిది," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. సారు నవ్వలేదు.

"వేసవి చివర్లో ఆ పెద్ద అద్దాల మేడ పని మొదలవుతుంది. అప్పటికి ముల్లు నూరు లోపల ఉంటే అందరికన్నా ముందు దిగే ముందుతాడు నీదే. లేకపోతే కింద బకెట్లు కడుగుతూ ఉండాలి. అప్పటిదాకా చిన్న మేడలే ఎక్కు. కోపం పెట్టుకోకు. నిన్ను ఇంటికి నడిపించి పంపాలనే చెబుతున్నాను."

మంచిగానే చెప్పాడు. కానీ బకెట్లు అన్న మాట దగ్గర మా ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, ఇవాళ్టి నుంచి నాకు బరువైన తిండి పెట్టొద్దు."

"బరువైన తిండంటే?"

"గుడ్లు, మాంసం, పప్పు. కడుపులో రాయిలా కూర్చునేవి ఏవీ వద్దు. దోసకాయ, పుచ్చకాయ, పల్చటి గంజి చాలు. తేలికవి తింటే మనిషీ తేలికవుతాడు."

మా అత్తయ్య కూరగాయల బుట్ట పక్కనే కూర్చుని ఉంది. "పుచ్చకాయ తేలికట్రా? మొన్న మోసుకొచ్చి గుమ్మం దగ్గరే దింపేసి ఆయాసపడ్డావు."

"అది నీళ్ళమ్మా. నీళ్ళు పోతాయి."

"ఒళ్ళంటే మూటనుకున్నావా, ముడి విప్పి కావలసినంత తీసి పారేయడానికి?"

"నువ్వు ఊరుకో."

నిజానికి ఆయన ఒళ్ళు తగ్గడం నాకూ ఇష్టమే. పొట్ట పెరిగాక మెట్లెక్కితే రొప్పేవాడు. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేది, నేను భుజం తట్టేదాన్ని. పోనీలే, ఈ వంకతోనైనా మనిషి బాగుపడతాడు అనుకున్నాను.

మొదట్లో బరువు పొయ్యి మీద వెన్నలా కరిగింది. వారం వారం యార్డులో తూనిక. వచ్చినప్పుడల్లా గుమ్మం బయటి నుంచే కేకేసేవాడు, ఇంత పోయిందని. మా మరిది వెనకాల నిలబడి, "వదినా, ఇలాగే పోతే వేసవి చివరికి అన్నయ్యను జేబులో వేసుకుని పైకి తీసుకెళ్ళొచ్చు," అనేవాడు. ఇంట్లో పండగలా ఉండేది.

ఎండలు ముదిరేసరికి ముల్లు మొరాయించింది. ఒక వారం కదల్లేదు. ఆ పై వారం కూడా కదల్లేదు. మా ఆయన గంజి సగానికి తగ్గించాడు. పొద్దున తినడం మానేశాడు. గుండు చేయించుకున్నాడు. ఒకరోజు అద్దం ముందు కత్తెర పట్టుకుని మీసం కూడా తీసేశాడు.

అత్తయ్య ఆ మొహం చూసింది. "మీసం ఎంత తూగుతుందిరా?"

"ఎంతైనా తూగుతుంది కదా."

"అలాగైతే ముక్కు కూడా తీయించు. అదే బరువుగా ఉంది, ఎప్పుడూ కోపం దాని మీదే కూర్చుని ఉంటుంది."

ఎవరూ నవ్వలేదు. అప్పటికి ఇంట్లో నవ్వడం తగ్గిపోయింది. మేం తింటున్నప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. అత్తయ్యా నేనూ నమిలే చప్పుడు వినపడకుండా తినడం నేర్చుకున్నాం. ఒకరోజు అత్తయ్య ఉండబట్టలేక గుడ్డు ఉడకబెట్టి మెత్తగా చిదిపి గంజిలో కలిపింది. రెండో గుక్కకే పట్టేశాడు. గిన్నె కింద పెట్టి, "నేను బకెట్లు కడగాలని మీ ఇద్దరికీ ఉందా?" అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. ఆ తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు.

బరువులు ఎత్తడం కూడా మానేశాడు. దానికీ ఆయన లెక్క ఆయనకుంది. "బరువెత్తితే కండ పెరుగుతుంది. కండకు బరువుండదా? ముల్లుకు అది కండో కొవ్వో ఏం తెలుసు?" గ్యాసు బండ అత్తయ్యా నేనూ దొర్లించుకుంటూ లోపలికి తెచ్చుకున్నాం. మేడల దగ్గర మెట్లెక్కడం మానేసి లిఫ్టులో పైకి వెళ్ళేవాడు. ఇంటికి రాగానే మంచం. పిలిస్తే కళ్ళు తెరవడానికే సమయం పట్టేది. అంత ఎండలో ఆయనకు కాళ్ళు చల్లగా ఉండేవి.

అయినా ముల్లు మళ్ళీ దిగడం మొదలైంది. దాంతో ఆయన మాటే నెగ్గింది.

వేసవి చివరికొచ్చింది. యూనిఫారం వదులైంది, బిగించమని నా ముందు పడేశాడు.

"ఆ జేబులు కూడా కోసెయ్. మోకాళ్ళ దగ్గర రెండేసి పొరలు వేశావు చూడు, ఒక పొర తీసెయ్."

"మోకాళ్ళు గోడకు గీసుకుంటాయండి."

"గీసుకోనీ."

నాకు అప్పట్లో అంకెలు కూడా రావు. కొలతలు దారాలతో తీసుకునేదాన్ని. నడుముకొకటి, ఛాతీకొకటి, దండచేతికొకటి, తొడకొకటి. చివర ముడి వేసి, మనిషికొక గుత్తిగా మేకుకు తగిలించేదాన్ని. అందరూ నన్ను దారాలమ్మ అనడం అప్పటి నుంచే. ఆయన గుత్తి తీసి ఆయన్ని నిలబెట్టాను. దండ చుట్టూ దారం వేస్తే ముడి ఎక్కడికో పోయింది. నా రెండు వేళ్ళు లోపల దూరాయి. తొడ దగ్గరా అంతే. భుజాల దగ్గర ఎముక చేతికి తగిలింది. చివర నడుముకు వేశాను. బోలెడు దారం మిగులుతుందనుకున్నాను. మిగల్లేదు. పాత ముడికీ కొత్త కొలతకీ మధ్య ఒక వేలు పట్టింది, అంతే. పొట్ట కొంచెం మెత్తబడింది కానీ ఎక్కడికీ పోలేదు.

మళ్ళీ వేసి చూశాను. నేనే తప్పు దారం తీశానేమో అనుకున్నాను.

"ఏంటే, ఎంతసేపు?"

"ఏమండి, చేతులు చిక్కిపోయాయి. నడుము మాత్రం అలాగే ఉంది."

"బరువు తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"అయితే చేతులు బిగించి కుట్టు. నడుము వదిలేయ్. పని సులువైంది కదా నీకు."

కుట్టడానికి కూర్చున్నాను కానీ మిషను తొక్కబుద్ధి కాలేదు. పోయిన బరువు ఎటు నుంచి పోయిందో నా చేతిలోని దారాలు చెబుతున్నాయి. అది మంచో చెడో చెప్పే మాట నా దగ్గర లేదు.

మర్నాడు కుళాయి దగ్గర మరిది కనిపించాడు. అడగకుండానే మొదలుపెట్టాడు.

"వదినా, అన్నయ్య బకెట్టు నేనే మోస్తున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళయింది. అది కాదు. తాడు రెండు చేతుల్తో పడుతున్నాడు. రెండు చేతులూ తాడు మీదే ఉంటే అద్దం ఎవరు తుడుస్తారు? పక్కకు ఊగి ఆయన వాటా కూడా నేనే తుడిచేస్తున్నా. కింది నుంచి చూసేవాళ్ళకు తెలీదు."

"సారుకి చెప్పావా?"

"ఏమని చెప్పమంటావు? నాకు పని నేర్పిన చెయ్యి అది." కుళాయి కట్టేశాడు. "తూనిక అయిపోతే మళ్ళీ తింటాడులే. తింటే వచ్చేస్తుంది కదా వదినా?"

వచ్చేస్తుందో లేదో నాకేం తెలుసు. తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

యార్డు పక్క గదిలో కంపెనీ నర్సమ్మ ఉండేది. నాకంటే చిన్నది, సూది గుచ్చేటప్పుడు కూడా కబుర్లు చెప్పే మనిషి. నా దారాల గుత్తి ఆవిడ బల్ల మీద పెట్టి, పాత ముడి ఏదో కొత్త ముడి ఏదో చూపించాను. ఆవిడ కబుర్లు ఆపేసింది.

"ఏం తింటున్నాడక్కా?"

చెప్పాను. ఏం ఎత్తడం లేదో కూడా చెప్పాను.

"చూడక్కా, ఒంటికి రోజూ ఖర్చుంటుంది. నిద్రపోయినా ఖర్చే, ఊపిరి తీసినా ఖర్చే. తినేది ఆ ఖర్చు కంటే తక్కువైతే ఒళ్ళు దాచుకున్న దాంట్లోంచి తీసి వాడుకుంటుంది. బరువు తగ్గేది అలాగే, అందులో తప్పులేదు. కానీ కొవ్వులోంచి మాత్రమే తీస్తానని ఒళ్ళు మనకేం మాటివ్వలేదు. మరీ తక్కువ తిని, గుడ్డూ పప్పూ మానేసి, చేతులకు పని కూడా చెప్పకపోతే, వాడని సామాను ఇంట్లో ఎందుకని ఒళ్ళు కండను కూడా తీసి పొయ్యిలో పెడుతుంది."

"మొదట్లో అంత తొందరగా తగ్గాడు కదమ్మా?"

"అందులో చాలావరకు నీళ్ళు. తర్వాత ముల్లు ఆగిందన్నావు కదా, అప్పుడు ఓపిక పట్టాల్సింది. మనిషి తగ్గాక ఖర్చూ తగ్గుతుంది, దానికి తోడు మంచమెక్కి కదలకుండా పడుకున్నాడు. ఆగిందని ఇంకా మాడ్చుకున్నాడు."

"అయితే తగ్గమనడమే తప్పా?"

"తప్పు కాదు. పొట్ట చుట్టూ అంత పేరుకుంటే గుండెకు చేటు, షుగరుకు దారి. తగ్గాల్సిందే. కానీ నెమ్మదిగా, కండ నిలబెట్టుకుంటూ తగ్గాలి. తూనికకు కండా తెలీదు, కొవ్వూ తెలీదు. రెంటినీ కిలోల్లోనే చెబుతుంది."

ఆయన అన్నదీ అదే. ముల్లుకు ఏం తెలుసని. అదే మాటను పట్టుకుని ఆయన వేరే దారిన పోయాడు.

"తింటే మళ్ళీ వచ్చేస్తుందా?"

"వస్తుంది. పోయినంత తొందరగా రాదు. నెలలు పడుతుంది." సొరుగులోంచి పిడిలాంటి ఒక పరికరం తీసింది. "దీన్ని పిండితే పిడికిట్లో ఎంత బలముందో చెబుతుంది. మేడ ఎక్కేలోపు ఆయన్ని ఒక్కసారి తీసుకురా."

"రాడమ్మా. నేనిక్కడికి వచ్చానని తెలిస్తే ఇక నా చేతి గంజి కూడా ముట్టడు."

నర్సమ్మ పిడిని మళ్ళీ సొరుగులో పెట్టింది. "రాకపోతే సారుకి నేను చెప్పాల్సి ఉంటుందక్కా. తెలిసీ ఊరుకోలేను."

"నువ్వు చెబితే పరువు పోయిందంటాడు. నన్ను చెప్పనీ."

"ఎప్పుడు?"

"మేడ ఎక్కేలోపు."

"ఎక్కేలోపే," అంది ఆవిడ.

చివరి తూనిక రోజు బిగించిన యూనిఫారం తీసుకుని నేనూ యార్డుకు వెళ్ళాను. ఆయన పొద్దుట్నుంచి నీళ్ళు కూడా తాగలేదు. పెదవులు తెల్లగా ఉన్నాయి. బెల్టు, పనిముట్లు అన్నీ తగిలించుకుని యంత్రం ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి నూరుకు ఈవలే ఆగింది.

చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశాడు. సారు వచ్చి చెయ్యి కలిపాడు. "నాకు నమ్మకం లేకపోయింది. నువ్వే గెలిచావు," అన్నాడు. మా ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నా నోరు లేవలేదు. అంత కడుపు మాడ్చుకున్న మనిషితో, గెలిచిన రోజే, నువ్వు ఓడిపోయావని ఏ నోటితో చెప్పను?

మర్నాడే మేడ ఎక్కడం. పెద్ద మేడ ఎక్కే ముందురోజు వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. పట్టు చూసుకోవడం అంటారు. యార్డులో ఇనప దూలానికి కొక్కెం, తాడు కట్టి ఉంటాయి. జోడీలో ఒకడు బల్ల మీద కూర్చుంటాడు. రెండోవాడు నేల మీద నిలబడి, కొక్కెం లోంచి వచ్చిన తాడు చివర ఒక చేత్తో పట్టుకుని, బల్లను మోకాలెత్తున ఆపి ఉంచాలి. మిగతావాళ్ళు టీ తాగడం అయ్యేదాకా ఆపాలి. పైన ఒకడు స్పృహ తప్పితే రెండోవాడే అతన్ని అలా కిందికి దించాలి కాబట్టి ఈ అలవాటు. దీన్ని కొత్తవాళ్ళందరి చేతా పట్టుబట్టి చేయించేది మా ఆయనే.

మొదట మరిది పట్టుకున్నాడు. మా ఆయన బల్ల మీద కూర్చుని, "టీ నెమ్మదిగా తాగండిరా, వీడి సంగతి తేలాలి," అన్నాడు. మరిది కదల్లేదు. తర్వాత వంతు మారింది. మరిది బల్ల ఎక్కాడు. మా ఆయన తాడు పట్టుకున్నాడు.

నేను కుట్టు సంచీ సర్దుతున్నట్టు కూర్చుని ఆయన చెయ్యే చూస్తున్నాను. ముందు చెయ్యి నిలకడగానే ఉంది. తర్వాత మణికట్టు దగ్గర వణుకు మొదలైంది. నేను బిగించి కుట్టిన చొక్కా చెయ్యి ఆకులా కదులుతోంది. ఆయన పళ్ళు బిగించాడు. చుట్టూ అందరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, గ్లాసుల్లో ఇంకా సగం టీ ఉంది.

తాడు జారింది. బల్ల ధన్‌మని నేలకు తగిలింది. మోకాలెత్తే, దెబ్బేం లేదు.

మరిది ఒక్క క్షణం కూడా ఆగలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "కాలు తిమ్మిరెక్కిందిరా నాయనా. నేనే దిగిపోయా."

"ఏరా, రేపు పైన కూడా ఇలాగే దిగిపోతావా?" అన్నారెవరో.

"రేపు తిమ్మిరి రాదులే."

అందరూ నవ్వారు. సారు అప్పటికే వెనక్కి తిరిగి గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మా ఆయన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని, తాడు చుట్ట చుట్టి మేకుకు తగిలించాడు. నా వైపు చూడలేదు. నర్సమ్మ కిటికీ తెరిచే ఉంది. ఆవిడ నన్నే చూస్తోంది.

ఇంటిదాకా ముగ్గురం వరసగా నడిచాం. ఆయన ముందు, మరిది ఆయన వెనక, నేను ఆఖర్న. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదని పొద్దున మొహాలు చూస్తే తెలిసింది.

పొద్దున్నే మరిది బెల్టు కట్టుకుని వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. మా ఆయన కూడా తయారయ్యాడు. బెల్టు బకిల్సు పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇక నా దగ్గర సమయం లేదు. మేడ ఎక్కేలోపు అన్నాను. ఆయన గడప దాటితే ఇక ఎక్కినట్టే.

ఏదేదో అనుకున్నాను ముందురోజంతా. దారాల గురించి, పొయ్యిలో పెట్టిన కండ గురించి, గుండె గురించి. ఒక్కటీ రాలేదు.

"ఏమండి, నిన్న మీ తమ్ముడు కాలు కింద పెట్టలేదు," అన్నాను. "నేను చూస్తూనే ఉన్నాను."

ఆయన నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా గుమ్మం వైపు తిరిగాడు.

"ఏరా, కాలు నువ్వు పెట్టావా?"

మరిది చెప్పు పట్టీ సర్దుకుంటున్నాడు. సర్దాల్సిందేమీ లేదు దానికి.

"నిన్నేరా అడిగేది."

"తాడే జారింది అన్నయ్యా."

"మరి అలా ఎందుకన్నావు?"

"అందరూ ఉన్నారు కదా అక్కడ."

"ఇవాళ నాతో ఎక్కేవాడివా?"

"ఎక్కేవాణ్ణి," అన్నాడు మరిది. అదేం పెద్ద విషయం కానట్టు అన్నాడు.

మా ఆయన తమ్ముణ్ణి చూశాడు. చేతులు రెండూ బెల్టు మీదే ఉన్నాయి. తర్వాత బకిల్సు విప్పాడు. అది ఊడి రావడానికీ సమయం పట్టింది. బెల్టు తీసి మంచం మీద పెట్టాడు. దాని పక్కనే కూర్చున్నాడు. గుండు మీద, మీసం లేని పెదవి మీద చెమట.

"తినడానికేముంది?" అన్నాడు.

నేను కదిలేలోపే అత్తయ్య కదిలింది. ఆవిడ గిన్నెలు తీస్తుంటే చేతిలో మూత జారి చప్పుడైంది. "మొహం కడుక్కుని రా ముందు," అంది లోపలి నుంచి. "ఆ మొహానికి నేను పెట్టను."

మరిది అక్కడే కూర్చుని ఆయన తినేదాకా ఆగాడు. తర్వాత ఇద్దరూ కలిసే కంపెనీకి వెళ్ళారు.

సారుతో ఆయనే చెప్పాడట. సారు మెచ్చుకోలేదు. "ఈ మాట నిన్న చెప్పాల్సింది. ఇప్పటికిప్పుడు మనిషిని ఎక్కడి నుంచి తేను?" అని అందరి ముందూ తిట్టాడు. ఆ తిట్లన్నీ ఆయన పడ్డాడు. నర్సమ్మ గదిలోకి వెళ్ళి ఆ పిడి పిండాడు. ఎంత వచ్చిందో నాకెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. ముందుతాడు మీద ఇంకొకడు ఎక్కాడు. మా ఆయన్ని పైకప్పు మీద ముడుల కాపలాకు పెట్టారు. తాడు ఎక్కడ గీసుకుంటోందో, ఏ ముడి సడలుతోందో చూస్తూ ఎండలో కూర్చునే పని. బకెట్లకంటే కొంచెం నయం.

ఆ తర్వాతిది చెప్పుకోవడానికి అంత బాగుండదు. ముల్లు మళ్ళీ నూరు దాటింది. అది చూసినప్పుడల్లా ఆయన మొహం పాలిపోయేది. నర్సమ్మ చెప్పినట్టు అన్నీ తినేవాడు, కానీ కొలతగా. లిఫ్టు మానేసి మెట్లెక్కేవాడు, మొదట ఖాళీ చేతులతో, తర్వాత బకెట్టుతో. వానలన్నీ అలాగే గడిచాయి. మధ్యలో రెండుసార్లు విసిగిపోయి అంతా వదిలేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి నడుము దారంలో నా అరచెయ్యి దూరింది. దండ దారం పాత ముడి దగ్గరికి వచ్చింది, పూర్తిగా మాత్రం రాలేదు. రెండో వేసవికి గానీ తాడెక్కలేదు.

ఆయన తాడు మీంచి పడి చనిపోలేదు. చదివేవాళ్ళు అడుగుతారని రాస్తున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక చలికాలం జ్వరంతో మంచం మీదే పోయాడు.

కానీ ఆ వేసవి అంటే నాకు గుర్తొచ్చేది మేడ మొదలైన ఆ రోజు సాయంత్రం. మరిది ఖాళీ టిఫిన్ డబ్బాలు రెండు తెచ్చి నా ముందు పెట్టాడు.

"వదినా, రేపటి నుంచి అన్నయ్యకు వేరే పెద్ద డబ్బా ఇవ్వు. నేను కిందికి దిగి పైకి వెళ్ళేసరికి నాది కూడా తినేశాడు."

"ముడులు చూస్తూ కూర్చుంటే ఆకలేసింది," అన్నాడు మా ఆయన మంచం మీంచి.

"ముడులు చూశావా, నా డబ్బా చూశావా?"

"నీ ముడే చూశాను. రోజంతా దాని మీంచి కన్ను తీయలేదు," అన్నాడు. అని గోడవైపు తిరిగాడు.

నన్ను దారాలమ్మ అంటారు. వయసు డెబ్బై నిండి ఒక ఏడాది. ఇప్పుడు మరిది ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను. గది కిటికీ అద్దం మరిదే వచ్చి తుడుస్తాడు. నేను తుడిస్తే మరకలుంటాయట.